ఎడమ చేయి కూడా తిమ్మిరెక్కాక

దుప్పటికి అద్దకం వేస్తూ అంచును మూల తిప్పేటప్పుడు చెక్క అచ్చు చేతిలో ఉన్నట్టు తెలియలేదు. నా జబ్బు అలా మొదలైంది. అంచు తీగ మూల దగ్గర తిరిగి పక్క అంచులో కలవాలి. కుడిచేతి వేళ్ళు అచ్చును పట్టుకునే ఉన్నాయి, కాని వేళ్ళకూ చెక్కకూ మధ్య దూది పెట్టినట్టు ఉంది. తీగ నూలుపోగంత పక్కకు పడింది.

మాది పెడన. అద్దకం పని. బడిలో నేర్చుకున్నది తక్కువ. గుడ్డ పొడవును అచ్చు వెడల్పుతో భాగించి, చివర ముక్క మిగలకుండా సర్దడం బల్ల దగ్గరే నేర్చుకున్నాను. అవి శేర్లు పోయి కిలోలు వస్తున్న రోజులు. నాకు నలభై ఆరు.

ఆ వానాకాలమంతా కలలాగే గుర్తుంది. మనుషుల మాటలు కాలవ అవతలి గట్టు నుంచి వస్తున్నట్టు వినిపించేవి. ఉతుకుతున్న గుడ్డల్లోంచి ఎరుపు నీళ్ళలోకి జారి, పొగలా విడిపోయి వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చుండిపోయేవాణ్ణి. అందరూ ఉక్కపోతకు విసనకర్రలు పట్టుకుంటే నేను రంగు కాచే కాగు పక్కన చేరి, దుప్పటి కప్పుకునేవాణ్ణి. ఒంట్లో బాధ అనిపించేది కాదు. ఎవరో జోకొడుతున్నట్టు ఉండేది.

ముఖం నిండింది. మావైపు అది మెచ్చుకునే విషయం. పక్క బల్ల వీరాస్వామి చుట్టం కాకపోయినా నన్ను బావా అనే పిలుస్తాడు.

"ఒళ్ళు చేశావు బావా! మా అక్క నెయ్యి గిన్నె నీ పక్కనే పెడుతోందా ఏంటి? గొంతు కూడా జమీందారు గొంతైపోయింది."

గొంతు బొంగురుపోయిన మాట నిజమే. నేనూ నవ్వాను. బుగ్గలు నిండితే జబ్బని ఎవరికి తోస్తుంది?

కొన్నాళ్ళకు తిమ్మిరెక్కిన చేతికి మణికట్టు దగ్గర నొప్పి మొదలైంది. అది భరించలేక బందరులో మా ఇంటిల్లిపాదికీ వైద్యం చేసే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన బరువు చూసే మిషను ఎక్కించారు. నూట డెబ్భై పౌన్లు. అంతకు రెండేళ్ళ కిందట నూట నలభై ఆరు.

"బరువు తగ్గాలి. పని వల్ల మణికట్టు అరిగింది. రెస్ట్ ఇవ్వండి. రాత్రిపూట అన్నం మానేయండి," అన్నారు.

అలాగే చేశాను. నా బల్ల వీరాస్వామికి అప్పగించాను. రాత్రి మజ్జిగ తాగి పడుకునేవాణ్ణి. రెండు నెలల తరవాత మళ్ళీ మిషను ఎక్కితే ఆరు పౌన్లు పెరిగాను.

డాక్టరు గారు కళ్ళజోడు తీసి, "దాచుకుని తింటున్నారా?" అన్నారు.

మా ఆవిడ శేషమ్మ ఊరుకోలేదు. "వడ్డించేదాన్ని నేనండీ. మా పిల్లి తిన్నంత కూడా తినట్లేదు ఈయన."

ఆయన నవ్వారు. తరవాత మెల్లగా, "ఈ చేత్తో మళ్ళీ అచ్చు పట్టాలన్న ఆశ పెట్టుకోకండి. వేరే పని చూసుకోండి," అన్నారు. ఆ మాటకు దుఃఖం కూడా ఆలస్యంగానే వచ్చింది. రైలు పెడనలో ఆగాక ఏడ్చాను.

ఆ వారంలోనే ఎడమ చేయి తిమ్మిరెక్కింది. నేను అచ్చు పట్టేదీ, అద్దేదీ కుడిచేత్తోనే. ఎడమ చేయి గుడ్డ జరగకుండా ఆనించి ఉంచుతుంది, అంతే. పని మానేసినా కుడిచేయి తగ్గలేదు. పనే లేని ఎడమ చేతికీ అదే నొప్పి. తిండి తగ్గింది, బరువు పెరిగింది. మసక బుర్రతోనే ఎన్నిసార్లు వేసి చూసినా లెక్క కుదరలేదు. మా పనిలో చివరి అచ్చు అతుకు కలవకపోతే, మొదటి అచ్చు ఎక్కడ వంగిందో వెనక్కి వెళ్ళి చూస్తాం.

"ఇంకొకరికి చూపిద్దాం," అన్నాను.

"ఆయనేమనుకుంటారో! పెద్దాడి టైఫాయిడ్‌కి మన గుమ్మంలో కూర్చున్న మనిషి," అంది శేషమ్మ.

"చెప్పే వెళ్దాం."

చెప్పాం. ఆయన కోపగించుకోలేదు. "తప్పకుండా చూపించండి. నాకు తట్టనిది ఇంకొకరికి తట్టొచ్చు," అని గుడివాడలో ఒక పెద్ద డాక్టరు గారి పేరు చెప్పారు.

గుడివాడ డాక్టరు గారు మణికట్టును చివర్న చూశారు. ముందు నన్ను మాట్లాడనిచ్చి గొంతు విన్నారు. మోచేతి చర్మం తడిమారు.

"చలి వేస్తుందా?"

"శ్రావణంలో దుప్పటి కప్పుకుంటారండీ!" అంది శేషమ్మ.

"మరి బందరులో చెప్పలేదేమ్మా?"

"మణికట్టు కోసం వెళ్ళాం కదండీ, చలి సంగతి ఎందుకులే అని..."

నన్ను కుర్చీ మీద మోకాళ్ళు ఆనించమని, మడమ వెనక చిన్న రబ్బరు సుత్తితో తట్టారు. పాదం చటుక్కున ఎగిరింది. తిరిగి రావడం మాత్రం నీళ్ళలో మునిగే ఆకులా, నిదానంగా సాగింది.

"చూశావా అమ్మా, ఈ పాదం ఇంటికి రావడానికి ఎంత ఆలోచిస్తోందో!" అన్నారాయన. "థైరాయిడ్ అండీ. మెడలో ఉండే గ్లాండ్. అది బద్ధకించింది. ఒళ్ళంతా ఉబ్బింది, మణికట్టు లోపలా ఉబ్బి నరాన్ని నొక్కుతోంది. మీ బరువూ నొప్పీ ఒకే జబ్బు."

బ్లడ్ టెస్ట్ చేయించారు. ఒళ్ళు ఎంత చురుగ్గా పనిచేస్తోందో ఊపిరిని బట్టి కొలిచే బి.ఎం.ఆర్. టెస్ట్‌కి పెద్ద ఊరి ఆసుపత్రికి పంపారు. అక్కడ ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టంలోకి ఊపిరి వదలమన్నారు. నిద్రలోకి జారుతుంటే నర్సమ్మ లేపుతూనే ఉంది. డాక్టరు గారు అనుకున్నదే తేలింది.

థైరాయిడ్ మాత్ర పావు ముక్కతో మొదలుపెట్టారు. "స్లోగా వెళ్దాం, గుండె తట్టుకోవాలి," అన్నారు. డోసు పెంచినప్పుడు గుండె దడదడలాడి మంచం పట్టాను. మళ్ళీ తగ్గించి, మళ్ళీ పెంచారు. అన్ని నెలలూ నా చేయి నాకు తిరిగొస్తుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

ఒక ఉదయం, అద్దకానికి ముందు గుడ్డలు నానబెట్టే కరక్కాయ నీళ్ళ వాసన ముక్కుకు తగిలింది. అన్నాళ్ళూ ఆ వాసన లేదన్న సంగతే నాకు తెలియదు. తరవాత చలి పోయింది, గొంతు తేలికైంది, బరువు దిగింది. వేళ్ళు అన్నిటికంటే చివర మేలుకున్నాయి. మళ్ళీ బల్ల దగ్గర నిలబడి దుప్పటి మూల తిప్పాను. చెక్క మీది చెక్కుడు గరుకు వేలికి తెలిసింది. తీగ వెళ్ళి తీగలో కలిసింది.

వీరాస్వామి తల ఎత్తి, నవ్వుతూ, "చిక్కిపోయావేం బావా, జబ్బేమన్నా చేసిందా?" అన్నాడు.

ఇప్పటికీ రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటాను. నా బల్ల నా దగ్గరే ఉంది. బందరు డాక్టరు గారు మణికట్టు నొప్పితో వచ్చినవాళ్ళందరినీ చలి గురించి అడుగుతున్నారట.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. డాక్టరు దగ్గరికి మీకు అన్నం వడ్డించే మనిషిని తోడు తీసుకెళ్ళండి. మణికట్టు కోసమే వెళ్ళినా, చలి వేస్తోందని కూడా చెప్పండి.