సత్యవతి గారి ప్రకటన తీసేసింది మెషీన్ కాదు

2018 ఏప్రిల్, కాలిఫోర్నియా. శాన్ రామన్‌లో ఒక చిన్న క్లాసిఫైడ్స్ వెబ్‌సైట్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. పాత సోఫాలు, అద్దె గదులు, పియానో పాఠాలు, ఇంటిపనివాళ్ళు ఇలాంటి ప్రకటనలన్నీ మా సైట్‌లో ఉండేవి. నా విభాగం పేరు ట్రస్ట్ అండ్ సేఫ్టీ. మోసపు ప్రకటనలను పట్టుకుని తీసేయడం మా పని. అప్పటిదాకా మా రోజులు లేని కుక్కపిల్లలను అమ్మేవాళ్ళతో, ఒకే అపార్ట్‌మెంట్‌ను పదిమందికి అద్దెకిచ్చేవాళ్ళతో హాయిగా గడిచిపోయేవి.

ఆ నెలలో కొత్త చట్టం వచ్చింది. అంతకుముందు సైట్‌లో ఎవరేం రాసుకున్నా దాని బాధ్యత రాసినవాళ్ళదే, సైట్‌ది కాదు. కొత్త చట్టం ప్రకారం, వ్యభిచారపు ప్రకటనల ద్వారా బలవంతంగా అమ్ముడుపోయిన మనిషి ఆ ప్రకటన వేసిన సైట్ మీద కూడా సివిల్ దావా వేసి నష్టపరిహారం కోరవచ్చు. దాని వెనక ఉద్దేశం మంచిది. తమ పిల్లలు అలా అమ్ముడుపోయిన తల్లులు కోర్టు గడపదాకా వెళ్ళి ఉత్తచేతులతో తిరిగివచ్చారు. వాళ్ళ కోసమే ఆ తలుపు తెరిచారు.

మా లాయర్ పేరు డయాన్. చట్టం రాగానే, తోడు కోరుకునేవాళ్ళ ప్రకటనలుండే పర్సనల్స్ విభాగం మొత్తం ఒక్క పూటలో మూసేయించింది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పింది.

"కోర్టులో అడిగే మొదటి ప్రశ్న, మీకు తెలుసా అని. తెలిసి ఉంచితే మునిగిపోతాం. కాబట్టి ఏ ప్రకటన గురించీ ఎవరూ ఏమీ తెలుసుకోకండి. అనుమానం వస్తే తీసేయండి, అంతే. ఎందుకు తీశారో ఈమెయిల్‌లో రాయొద్దు."

"చదవకుండా అనుమానం ఎలా వస్తుంది?" అన్నాను.

"అది ఇంజనీరింగ్ సమస్య," అంది డయాన్, లాప్‌టాప్ మూసేస్తూ.

ఆ ఇంజనీరింగ్ సమస్య నా ఒళ్ళో పడింది. నేను రిస్క్ స్కోర్ అనేదాన్ని తయారుచేశాను. ఒక్కో లక్షణానికి కొన్ని మార్కులు. ఒకే ఫోన్ నంబర్ వేరువేరు రాష్ట్రాల్లో కనిపిస్తే ముప్పై. మనిషి ఒకరు, ప్రకటనకు కట్టిన కార్డు ఇంకొకరిది అయితే పాతిక. ఊరికి కొత్త అని ఉంటే ఇరవై. మసాజ్ మాట ఉంటే పది. తొంభై దాటితే మెషీన్ దానంతట అదే తీసేస్తుంది. అరవైకీ తొంభైకీ మధ్య ఉన్నవి ఒక మనిషి చూడాలి. ఆ స్క్రీన్ మీద రెండు బటన్లు పెట్టాను. ఉంచాలంటే చూసినవాడు తన పేరు నమోదు చేయాలి. తీసేయడానికి ఎవరి పేరూ అక్కర్లేదు. డయాన్ ఆ స్క్రీన్ చూసి నన్ను మెచ్చుకుంది. నా ఉద్యోగంలో లాయర్ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఇన్నేళ్ళుగా స్నేహితుల ఇళ్ళలో భోజనాల దగ్గర ఈ కథ చెబుతూనే ఉన్నాను. "మా మెషీన్ ఒక మామ్మగారిని పట్టుకుని ఏమనుకుందో తెలుసా" అని మొదలుపెడితే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. అందులో ఒక అబద్ధం ఉంది. ఆ మామ్మగారు, సత్యవతి గారి ప్రకటనకు వచ్చిన స్కోరు ఎనభై అయిదు. అంటే దాన్ని మనిషి చూశాడు. ఆ మనిషి నేనే.

ప్రకటన నాకిప్పటికీ గుర్తుంది. "అనుభవం గల స్త్రీ. రోజూ నూనె మసాజ్. నలభై రోజులు మీ ఇంట్లోనే ఉంటారు. మీ ఊరికి కొత్త." అదే నంబరు మూడు రాష్ట్రాల్లో: మోరిస్‌విల్‌లో ఒకసారి, నేపర్‌విల్‌లో ఒకసారి, ఇప్పుడు శాన్ రామన్‌లో. డబ్బు కట్టిన కార్డు ఇంకెవరి పేరు మీదో ఉంది. తెలుగువాడెవడికైనా మూడో వాక్యానికే అర్థమైపోతుంది, ఈవిడ బాలింతలకూ పసిపిల్లలకూ స్నానాలు చేయించే మనిషని. నాకూ అర్థమైంది. ఉంచే బటన్ మీదకు వేలు వెళ్ళింది. పేరు అడిగింది. రేపు కోర్టులో ఆ పేరు ఎవరో పైకి చదువుతున్నట్టు అనిపించింది. రెండో బటన్ నొక్కేశాను. దాంతో ఆవిడ అకౌంటూ, ఫోన్ నంబరూ, అందులోని మెసేజీలూ అన్నీ పోయాయి. కాఫీ తెచ్చుకోవడానికి లేచాను.

వారం తర్వాత శనివారం మధ్యాహ్నం నా భార్య సునీత ఫోన్ పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఏవండీ, మన రమ్యకి మాట్లాడుకున్న ఆవిడ లేరూ, సత్యవతి గారు? ఆవిడ యాడ్ మాయమైపోయింది. చాట్ కూడా లేదు. నంబర్ ఆ చాట్‌లోనే ఉంది. రెండు వారాల్లో డెలివరీ పెట్టుకుని ఇప్పుడు ఎవర్ని వెతకను?"

రమ్య సునీత చెల్లెలు. మా వీధి చివరే ఉంటుంది.

"ఏ సైట్‌లో చూశావు?" అన్నాను, జవాబు తెలిసినా.

"మీ దాంట్లోనే! ఎవడో బుర్రలేనివాడు తీసేసుంటాడు."

"మెషీన్ అయ్యుంటుంది," అన్నాను. అబద్ధం పుట్టింది అక్కడే.

"అయితే ఆ మెషీన్‌కి బుర్ర లేదు. సోమవారం వెళ్ళి మీరు కాస్త పెట్టండి."

సోమవారం మా డేటాబేస్‌లోంచి నంబరు తీసి, కస్టమర్ సపోర్ట్ అని చెప్పి ఫోన్ చేశాను. నిషేధం ఎత్తేయాలంటే డయాన్ ఇచ్చిన ప్రశ్నల జాబితా ఒకటుంది. బలవంతంగా పనిచేస్తున్నవాళ్ళను గుర్తుపట్టడానికి తయారుచేసినది. సత్యవతి గారు నేపర్‌విల్‌లో ఒక ఇంట్లో ఉన్నారు. వెనక పసిపిల్ల ఏడుపు.

"అమ్మా, ఈ పని చేయమని మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేస్తున్నారా?"

"చెయ్యొద్దనండీ బలవంతం! మా అల్లుడు. 'అత్తయ్యగారూ, మీ నడుం పోద్ది, ఇంక చాలు' అని రోజూ పోరేనండి. ఇప్పుడు ఆ యాడ్ పోయిందిగా, లోపల సంబరపడతన్నాడు."

"మీ పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉందా?"

"లేదండీ, మా అమ్మాయి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది."

జాబితాలో ఆ జవాబు పక్కన ప్రమాదం అని ఎర్ర చుక్క ఉంది.

"మీరు ఇంట్లోంచి బయటికి వెళ్ళాలంటే వెళ్ళగలరా?"

"ఎక్కడికెల్తానండి? కారు రాదు, ఇంగ్లీషు రాదు. బాలింతని ఒగ్గేసి బయటికెల్తే వాళ్ళత్తగారు ఊరుకుంటారా?"

ఇంకో ఎర్ర చుక్క.

"మిమ్మల్ని ఒక ఊర్నించి ఇంకో ఊరికి ఎవరు పంపిస్తారు?"

"అల్లుడేనండి. విమానం టికెట్టు ఆయనే తీత్తాడు. దిగేసరికి ఎవరో ఒకాయన కారుతో వత్తాడు. ఆయన పేరు కూడా నాకు తెలీదు."

జాబితా పూర్తయ్యేసరికి నా లెక్కలో ఆవిడ అమెరికాలోకెల్లా పెద్ద బాధితురాలు. జాబితా పక్కన పెట్టేశాను. ఆవిడే అడిగారు.

"బాబూ, తెలుగోళ్ళలా ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేనేం తప్పు చేశాను? వచ్చే శుక్రవారం ఈ ఇంట్లో నలభయ్యో రోజు. తర్వాత ఇల్లు లేదు. మాట్లాడుకున్న ముగ్గురి నంబర్లూ ఆ డబ్బాలోనే పోయాయి. ఇప్పుడు కూతురింటికెళ్ళి కూర్చున్నాననుకోండి, మా అల్లుడు ఇంక కదలనివ్వడు. నేను కూర్చుని తినే మనిషిని కాదు నాయనా."

ఆ మధ్యాహ్నం డయాన్ గదికి వెళ్ళాను. "నాకు ఒకావిడ తెలుసు" అనేలోపే రెండు చేతులూ పైకెత్తింది.

"తెలుసని నాకు చెప్పకు!"

"ఆవిడ పసిపిల్లలకు స్నానం చేయిస్తుంది, డయాన్."

చేతులు కిందికి దిగాయి. "మరి రోజూ నూనె మసాజ్ ఎవరికి?"

"నెల కూడా నిండని వాళ్ళకి. వాళ్ళ తల్లులకి."

"ఇలాంటిది తెలిస్తే ఫరవాలేదు," అంది డయాన్. "చైల్డ్‌కేర్‌లోకి మార్చు. కానీ అప్పీల్ ఉండాలి. ఆవిడ అప్పీల్ పెట్టిందా?"

అప్పీల్ అంటే, ప్రకటన పోయినవాళ్ళు మాకు రాసుకునే విన్నపం. వాటి కోసం ఒక మెయిల్‌బాక్స్ ఉంది. చట్టం వచ్చాక దాన్ని ఒక్కరూ తెరవలేదు. తెరిస్తే చదవాలి, చదివితే తెలుస్తుంది. తెరవని ఉత్తరాలు నాలుగొందల పైన ఉన్నాయి. వెతికితే సత్యవతి గారి అల్లుడు రాసింది దొరికింది. "మా అత్తగారు గౌరవనీయులైన స్త్రీ" అని మొదలుపెట్టి, అత్తగారి మీద కోపమూ భక్తీ కలిపి రెండు పేజీలు రాశాడు. చివర ఒక వాక్యం: "ప్రకటన తిరిగి పెట్టకపోయినా నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం లేదు."

ఆ అప్పీల్ ఒప్పుకుని ప్రకటన చైల్డ్‌కేర్‌లో పెట్టాను. ఈసారి నా పేరు నమోదు చేశాను.

దాని కిందనే ఇంకో ఉత్తరం తెరుచుకుంది. రాసినామె తన పని ఏమిటో దాచలేదు. "నేను పెద్దదాన్ని, నన్నెవరూ పంపడం లేదు. మీ సైట్‌లో నా ప్రకటన ఉన్నప్పుడు వచ్చేవాడి పూర్తి పేరు, ఆఫీసు నంబరు కనుక్కుని, సరిచూసుకుని, అప్పుడు వెళ్ళేదాన్ని. ఇప్పుడు వీధిలో నిలబడి, ఆగిన కారు అద్దం కిందికి దిగి మళ్ళీ పైకెళ్ళేలోపు నిర్ణయించుకోవాలి. నా పని మీకు నచ్చాలని అడగడం లేదు. దీని గురించి మాట్లాడటానికి అక్కడ మనిషి ఎవరైనా ఉన్నారా?" కింద ఇంటిపేరు లేకుండా తన పేరు రాసింది.

ఆమె ప్రకటన తిరిగి పెట్టడం నా చేతిలో లేదు. అది నిజం. కానీ ఆమె అడిగింది అది కాదు.

రమ్యకు కూతురు పుట్టింది. సత్యవతి గారు దిగారు. ఆ రోజు ఫోన్ చేసింది నేనేనని సునీత అప్పటికే ఆవిడకు చెప్పేసింది. మొదటి రోజే పాపకు సాంబ్రాణి వేస్తే ఇంట్లో స్మోక్ అలారం మోగింది. రమ్య భర్త కుర్చీ ఎక్కి ఫైలుతో విసరడం, ఆవిడ కింద నుంచి "దాని గొంతు నొక్కండి బాబూ, పిల్ల జడుసుకుంటాది" అనడం. రెండో వారం నేను వేడినీళ్ళు అందిస్తుంటే, ఆవిడ బాత్‌టబ్‌లో పీట వేసుకుని, చాచిన కాళ్ళ మీద పాపను పడుకోబెట్టి నూనె రాస్తూ అడిగారు.

"ఇంతకీ నన్నేమనుకున్నారు బాబూ మీవోళ్ళు?"

చెప్పాను. ఆవిడ ముందు కళ్ళు పెద్దవి చేశారు, తర్వాత కాళ్ళు కదిలేంత నవ్వారు. పాప కూడా ఊగింది.

"ఈ వయసులోనా! మా అల్లుడికి చెప్పకండి, ఇంక జన్మలో ఇల్లు కదలనివ్వడు." నవ్వు ఆగాక పాపను బోర్లా తిప్పారు. "మరి నిజంగా ఆ పని చేసుకునే ఆడపిల్లలు? వాళ్ళూ రాశారా మీకు?"

"రాశారండి."

"నాకంటే మీ ఆవిడ ఉంది. వాళ్ళ కోసం ఫోన్ ఎవరు చేశారు?"

నేను బకెట్‌లో చెయ్యి పెట్టి నీళ్ళ వేడి చూశాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. "నీళ్ళు చల్లారిపోతున్నాయి, ఆ చెంబు ఇటివ్వండి" అన్నారు.

ట్రస్ట్ అండ్ సేఫ్టీలో ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. ఆ విభాగంలోకి రావాలనుకునే కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ సలహా అడుగుతారు. నాకు చెప్పగలిగింది ఒక్కటే: కోర్టుకు భయపడేవాడు బటన్ తయారుచేస్తే, అది ఎప్పుడూ ఒకవైపే తేలిగ్గా నొక్కుకుంటుంది. ఆ బటన్‌ను నేను తయారుచేశాను, నేనే నొక్కాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజు ఆ రెండో ఉత్తరానికి నేను మా కంపెనీ అచ్చు జవాబు పంపాను. "మీ విన్నపాన్ని జాగ్రత్తగా పరిశీలించాం. మా నిర్ణయంలో మార్పు లేదు." చదవకుండానే అందరికీ పంపే ఆ జవాబులో మొదటి వాక్యం మామూలుగా అబద్ధం. ఆమె విషయంలో మాత్రం అది నిజం. ఆ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివి, తర్వాతే పంపాను.