చెట్లకు తలంటు పోసిన ఊరు

మా తండా కల్లూరు పక్కన. తండాలో సర్కారు కొలువు తెచ్చుకున్న మొదటి ఆడపిల్లను నేనే కావడంతో, పంచాయతీ సెక్రటరీగా చేరిన రోజున మా నాయన ఇంటింటికీ మిఠాయి పంచాడు. సెక్రటరీ అంటే ఏం పని చేస్తుందని ఎవరో అడిగితే, సర్కారు ఏం అనుకుంటే అది మా బిడ్డ చేస్తదని చెప్పాడట. ఆ మాట ఎంత నిజమో, సర్కారు ఒకే వారంలో రెండు ఎదురెదురు సంగతులు అనుకునేదాకా నాకు తెలియలేదు.

నాకు పోస్టింగ్ వచ్చిన ఊరు సత్తుపల్లి వైపు, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని అంచున ఉండేది. ఊరి వెనక పెద్ద గుట్ట కనిపించేది. కొత్తగా వచ్చినవాళ్ళు గుట్ట ఎంత బాగుందో అనేవారు. అది గుట్ట కాదు, గనిలోంచి తవ్వి పోసిన మట్టి. మధ్యాహ్నం గనిలో బాంబులు పేల్చినప్పుడు అలమరలో గిన్నెలు గలగలమనేవి. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడేది. చేరిన కొత్తల్లోనే నేను తెల్ల చున్నీలు కట్టి పెట్టె అడుగున పెట్టేశాను.

నేను కిరాయికి దిగిన ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మనిషి. వాళ్ళ అత్తమామల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఊరంతా ఆవిడను మామ్మగారు అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. కూతురు సత్తుపల్లిలో ఉన్నా ఈవిడ గేదెలను వదిలి వెళ్ళేది కాదు. తండా పిల్లకు ఇల్లు ఇవ్వడానికి మొదట కొంచెం తటపటాయించింది. తర్వాత పొద్దున్నే కాఫీ ఇవ్వకుండా నన్ను ఆఫీసుకు పోనిచ్చేది కాదు. ఆవిడ దగ్గు మాత్రం వినలేకపోయేదాన్ని. పెళ్ళయినప్పటి నుంచి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఛాతీ అది.

ఒక వేసవిలో మండలంలోని సెక్రటరీలందరినీ మీటింగుకు పిలిచారు. మండలం పెద్దసారు భూమి వేడెక్కుతున్న సంగతి చెప్పారు. హాల్లో ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే, ఆడవాళ్ళం కొంగులూ చున్నీలూ భుజాల చుట్టూ కప్పుకుని, వణుకుతూ ఆ వేడి గురించి రాసుకున్నాం. కర్బన ఉద్గారాలు తగ్గించడం ప్రభుత్వ విధానమనీ, అది గ్రామం నుంచే మొదలు కావాలనీ, ప్రతి మండలంలో ఒక ఊరిని 'పొగ లేని గ్రామం'గా తీర్చిదిద్దాలనీ ఉత్తర్వు. కట్టెల పొయ్యి ఉండకూడదు. చెత్త కాల్చకూడదు. పొలంలో మోళ్ళకు అగ్గి పెట్టకూడదు. మా మండలంలో ఎంపికైన ఊరు మాదేనని సారు చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. మాది ఎందుకు ఎంపికైందంటే, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు రోడ్డు బాగుందట. బొగ్గు లారీల కోసం వేసిన రోడ్డు అది, బాగుండక ఏం చేస్తుంది.

చాయ్ విరామంలో సారు దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను.

"సార్, మా ఊరి వెనక గని ఉంది గదా. గది కూడా లెక్కకు వస్తదా?"

సారు బిస్కెట్ నములుతూ నన్ను జాలిగా చూశారు. "గని మన శాఖ కిందికి రాదమ్మా. నువ్వు పొయ్యిల సంగతి చూడు."

పొయ్యిల సంగతి చూశాను. ఇల్లిల్లూ తిరిగాను. మా ఊరి ఆడవాళ్ళు మర్యాదస్తులు, పీట వేసి కూర్చోబెట్టి చెప్పినదంతా విన్నారు. తమ పొయ్యి వల్ల ఎక్కడో మంచుకొండలు కరుగుతున్నాయని విని ఒకామె నిజంగానే నొచ్చుకుంది. ఇంత వంట చేస్తే అంత దూరం పోతుందని తాను అనుకోలేదని అన్నది. సిలిండర్లు చాలా ఇళ్ళలో ఉన్నాయి. అయిపోతే బండి మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, చుట్టాలొచ్చిన రోజుకని దాచిపెట్టుకుంటారు. చివరికి నా మాట తీసేయలేక పొయ్యిలను ఇంటి ముందు నుంచి వెనకకు, వెనక ఉన్నవాళ్ళు గొడ్ల కొట్టాల్లోకి మార్చారు. రోడ్డు మీద నిలబడి చూస్తే ఊరు పొగ లేని గ్రామమే.

మామ్మగారి విషయంలో మాత్రం నేను మనస్ఫూర్తిగానే పోరాడాను. సత్తుపల్లి దవాఖానాలో డాక్టరు పొగ దగ్గరికి పోవద్దని చెప్పి పంపాడు. సర్కారు చెప్పినవాటిలో ఆవిడకు పనికొచ్చే మాట అదొక్కటే. బతిమాలితే సగానికి ఒప్పుకుంది. అన్నం, కూర గ్యాస్ మీద. పాలు మాత్రం కొట్టంలో దాలిగుంట మీద, పిడకల సెగకే కాగాలి. దాలి మీద కాగని పాలు పాలే కావని ఆవిడ సిద్ధాంతం.

వానలు పడకముందే హైదరాబాద్ నుంచి పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజు మండలం సారు ఊరు చూసుకోవడానికి వచ్చి, రోడ్డు పక్కన ఆగిపోయారు. అక్కడ కానుగ చెట్లు వరసగా ఉండేవి, ఎప్పుడో ఏదో పథకంలో నాటినవి. బతికినందుకు వాటిని మెచ్చుకోవాలి. ఆకుల మీద బొగ్గు నుసి పొరలు పొరలుగా పేరుకుని ఉంది.

"ఇవేం చెట్లమ్మా," అన్నారు సారు. "తారు పూసినట్టున్నయ్. ఫోటోల గ్రీనరీ కనబడాలె."

ఎలా కనబడాలో ఆయనే చెప్పారు. ట్రాక్టరు ట్యాంకరు నిండా నీళ్ళు తెప్పించాం. డీజిలు మోటారు పెట్టి, పైపు పట్టి చెట్లను కడిగించాం. నల్లటి నీళ్ళు కాలవ కట్టి పారాయి. ట్యాంకరు వచ్చిందని ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పరుగెత్తుకుంటూ వచ్చారు, ఎండాకాలం కదా. ఇవి చెట్లకని చెప్పి నేనే వెనక్కి పంపాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకామె ఖాళీ బిందె చంకలో పెట్టుకుని కాసేపు చూసి, చెట్లకు తలంటు పోస్తున్నరు, మరి పెండ్లెప్పుడని అడిగింది. రేపు అని చెప్పాను. నాకు నవ్వు రాలేదు. ఆమెకూ రాలేదు.

పెద్ద అధికారి ఉన్నంతసేపు బాంబులు పేల్చవద్దని మండలం సారు గనికి ఫోన్ చేశారు. గనివాళ్ళు ఎంతో మర్యాదగా మాట్లాడారట. తమకూ పైనుంచి ఉత్తర్వు ఉందనీ, దేశానికి కరెంటు కావాలి కాబట్టి ఈ ఏడు బొగ్గు ఎక్కువ తీయాలనీ, అది కూడా ప్రభుత్వ విధానమేననీ చెప్పారట. ఆ సాయంత్రం తపాలాలో నాకు ఇంకో కాగితం వచ్చింది. గనిని మా ఊరి వైపు విస్తరిస్తారు, దానిమీద వచ్చే వారం ప్రజాభిప్రాయ సేకరణ, నోటీసు అంటించవలెను. పంచాయతీ ఆఫీసు బోర్డు మీద పొగ లేని గ్రామం కాగితం అప్పటికే ఉంది. జాగా చాలక దాని మీదికి కొంచెం ఎక్కించి ఇది అంటించాను. రెండింటి కిందా సంతకం నాదే.

మర్నాడు కార్లు వరసగా వచ్చాయి. తలంటుకున్న కానుగల నీడలో ఆగాయి. లోపల ఏసీ పోకూడదని డ్రైవర్లు ఇంజన్లు ఆపలేదు. పెద్ద అధికారి మంచి మనిషే. నెమ్మదిగా మాట్లాడారు, చెట్ల పేర్లు అడిగి తెలుసుకున్నారు. ఏదైనా ఒక వంటిల్లు చూస్తానన్నారు. మండలం సారు నా వైపు చూశారు. దగ్గరలో ఉన్నది మామ్మగారి ఇల్లే.

మామ్మగారు గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టింది. నన్ను పక్కకు పిలిచి, పొద్దుటే సిలిండరు అయిపోయిందని చెవిలో చెప్పింది. నేను ఆ మాట మండలం సారు చెవిలో వేశాను. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, వెలగకపోయినా ఫరవాలేదు, గిన్నె పెట్టి పక్కన నిలబడమను అన్నారు. అలా వెలగని పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టుకుని మామ్మగారు, పక్కన పెద్ద అధికారి, వెనక మేము. ఫోటోలు అయిపోయాయి. ఆ ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో మామ్మగారు ఆ ఖాళీ గిన్నెలో గరిటె కూడా తిప్పుతోంది.

అక్కడితో వెళ్ళిపోతే బాగుండేది. కానీ ఇంటికొచ్చినవాళ్ళను వట్టినే పంపడం మామ్మగారికి చేతకాదు. వాళ్ళు వరండాలో మాట్లాడుకుంటుండగా పెరట్లోకి వెళ్ళి, గ్లాసుల్లో కాఫీ పట్టుకొచ్చింది. పెద్ద అధికారి ఒక గుక్క తాగి ఆగారు. ఇంకో గుక్క తాగారు.

"అమ్మా, ఎన్నాళ్ళయిందో ఇలాంటి కాఫీ తాగి. ఏం వేశారు ఇందులో?"

"వేసిందేం లేదు బాబూ," అంది మామ్మగారు సంతోషంగా. "కట్టెల పొయ్యి మీద కాచాను, అందుకని."

మండలం సారు తన గ్లాసును వీపు వెనక్కి దాచుకున్నారు. పెద్ద అధికారి మామ్మగారి ముఖం వైపు, తర్వాత గ్లాసు వైపు చూసి, మిగిలింది కూడా పూర్తిగా తాగేసి గ్లాసు కింద పెట్టారు. ఆ సమయానికే గనిలో పేల్చారు. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. ఉరుమా అని అడిగారాయన.

"అవ్ సార్," అన్నారు మా మండలం సారు, నెత్తి మీద మాడ్చేసే ఎండ ఉండగా. "వానొచ్చేటట్టుంది."

వాళ్ళు కార్లెక్కేసరికి కానుగ ఆకులు మళ్ళీ మాసిపోవడం మొదలుపెట్టాయి.

వారం తిరగకుండానే ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. బడి ఆవరణలో షామియానా వేశారు, బిర్యానీ పొట్లాలు తెచ్చారు. గని వస్తే ఎన్ని ఉద్యోగాలొస్తాయో వేదిక మీద చెప్పుకుంటూ పోయారు. ఊళ్ళో కొందరు మగవాళ్ళు లేచి, ఇళ్ళు పోతే ఎక్కడుండాలని అరిచి కూర్చున్నారు. మామ్మగారు మైకు దగ్గరికి నడిచి వెళ్ళి, దగ్గు ఆగేదాకా ఆగి మాట్లాడింది.

"మొన్న కార్లలో వచ్చినవాళ్ళు కట్టె ముట్టించొద్దన్నారు. ఇవాళ కార్లలో వచ్చినవాళ్ళు బొగ్గు కావాలంటున్నారు. ఇద్దరూ సర్కారోళ్ళే కదా బాబూ. ముందు మీరూ మీరూ కూర్చుని ఒక మాట అనుకుని రండి. అందాకా నేను మా ఇంట్లో ఉంటాను."

జనం చప్పట్లు కొట్టారు. వేదిక మీదివాళ్ళు కూడా కొట్టారు, ఎందుకైనా మంచిదని. సభ సారాంశం రాసే పని నాది. రాసిచ్చాను. పైకి వెళ్ళి తిరిగి వచ్చిన ప్రతిలో, ప్రజలు సానుకూలంగా స్పందించి పలు సూచనలు చేశారని ఉంది.

ఆ పంద్రాగస్టుకు మా ఊరికి ఉత్తమ పొగ లేని గ్రామంగా ప్రశంసాపత్రం వచ్చింది. మరుసటి ఎండాకాలానికల్లా గని మా వీధి దాకా వచ్చింది. కొట్టాలు కూల్చారు, ఇళ్ళు కూల్చారు, కానుగ చెట్లు నరికారు. పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలన్న సమస్య దానంతట అదే తీరిపోయింది. ఉత్తర్వు ఇంత సంపూర్ణంగా అమలైన ఊరు రాష్ట్రంలో ఇంకోటి ఉండదనుకుంటాను.

మామ్మగారు గేదెలను అమ్మేసి సత్తుపల్లిలో కూతురి ఇంటికి వెళ్ళింది, మూడో అంతస్తు. నేను చూడబోతే గ్యాస్ మీద కాఫీ పెట్టి ఇచ్చింది. దగ్గు చాలావరకు తగ్గింది. ఆ మాటే అన్నాను.

"ఊపిరి బాగానే ఆడుతుందమ్మాయ్," అంది. "ఆడి ఏం చెయ్యాలో తోచట్లేదు."

ఆవిడ ఊపిరి ఆడాలని కోరుకున్నదాన్ని నేనే.

తర్వాత బదిలీల్లో నాకు దుమ్ముగూడెం వైపు, గోదావరికి లోపలగా అడవిలో ఉన్న ఊరు వచ్చింది. చేరిన కొన్నాళ్ళకే ఉత్తర్వు. గని కోసం నరికిన అడవికి బదులుగా వేరేచోట అడవి పెంచాలని చట్టం. ఆ వేరేచోటు ఇదేనట. గూడెం వెనక కొండవాలును చెట్లు లేని బంజరుగా కాగితాల్లో చూపించారు. మొక్కలు నాటకముందు ఆ బంజరు ఫోటో తీసి పంపాలి, నాటాక ఇంకోటి పంపాలి.

ఫోన్ పట్టుకుని కొండ ఎక్కాను. ఎటు తిప్పినా ఇప్ప, మద్ది, వెదురు, తునికి పొదలు. కూర్చుని తీశాను, వంగి తీశాను. ఎక్కడినుంచి చూసినా ఏదో ఒక చెట్టు వచ్చి ఫోటోలో నిలబడుతోంది. మూడుసార్లు పంపితే మూడుసార్లూ వెనక్కి వచ్చింది, బంజరు స్పష్టంగా కనబడటం లేదని. పుల్లలు ఏరుకుంటున్న గూడెం మనిషి ఒకామె చాలాసేపు నా అవస్థ చూసి దగ్గరికి వచ్చింది. ఇంట్లో కోయ మాట్లాడుకునే మనిషి, నాతో మాత్రం తెలుగులో అడిగింది.

"ఏం ఎతుకుతున్నవ్ మేడం?"

"ఒక్క చెట్టు గూడ లేని జాగ కావాలె అక్కా. ఫోటోకు."

ఆమె నవ్వలేదు. కట్టెల మోపు కింద దించి, నాకు సాయం చేయాలని నిజంగానే ఆలోచించింది.

"బడి ముందర సూడు," అంది. "నిరుడు మీ సర్కారోళ్ళు మొక్కలు నాటిండ్రు గదా, ఆడ ఒక్కటి గూడ లేదు."

కిందికి దిగి బడి ముందు ఫోటో తీసి పంపాను. ఈసారి వెంటనే ఆమోదించారు.