ఆ వాక్యానికి నేను గుడ్ అన్నాను

కరోనా తగ్గి, కోచింగులన్నీ మళ్లీ తలుపులు తెరిచిన ఏడాది. ఒడిశా బరంపురంలోని లంజిపల్లిలో మా ఇంటి ముందుగదిలోనే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు నడిపేవాణ్ణి. ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పని. ఈ ఊళ్లో నా అంత బాగా చెప్పేవాడు లేడన్న పొగరు కూడా ఉండేది.

నా పిచ్చంతా ప్రిపొజిషన్ల మీద. అంటే నామవాచకం పక్కన వచ్చే ఆఫ్, ఫర్, ఇన్, టు లాంటి చిన్న మాటలు. తెలుగులో ‘కి’, ఒడియాలో ‘కు’ తగిలిస్తే సగం పనులు జరిగిపోతాయి కనుక మా పిల్లలు ఇంగ్లిషులో కూడా ఎక్కడ పడితే అక్కడ ‘టు’ పెట్టేస్తారు. కానీ రీజన్ పక్కన ఫర్ రావాలి, కాజ్ పక్కన ఆఫ్ రావాలి. ‘రెండూ కారణమే కదా మాస్టారూ, మరి తేడా ఎందుకు?’ అని అడిగితే ఒకటే చెప్పేవాణ్ణి. వాడేవాళ్లు అలా వాడుతున్నారు, అంతే. అందుకే సూత్రాలు మానేసి ఇలాంటి జంటలు ఏరుకు రమ్మనేవాణ్ణి. స్టేషన్ మైకులో, మందు డబ్బా మీద, బ్యాంకు నోటీసులో ఎక్కడ కనబడినా రాసుకోవాలి. రోజుకు నాలుగు జంటలు, ఒక్కో జంటకు సొంత జీవితంలోంచి ఒక వాక్యం. నోటుబుక్కులు నా బల్ల మీద పెట్టి వెళ్తే ఎర్రపెన్నుతో దిద్దేవాణ్ణి.

ఇంకో నియమం కూడా పెట్టాను. చెప్పులతో పాటు తెలుగు, ఒడియా కూడా గుమ్మం బయటే వదిలి రావాలి.

పార్వతి హుమ్మ నుంచి పాసింజరు రైల్లో వచ్చేది. ఇరవై రెండేళ్ల పిల్ల. తండ్రి అక్కడే ఉప్పుమళ్లలో పని చేసేవాడు. ఛత్రపూర్‌లో ఏదైనా ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం రావాలని ఆ అమ్మాయి కోరిక. మాట తక్కువ, రాత గుండ్రం. ఒకరోజు క్లాసు అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“మాస్టారూ, మా అయ్యకి...”

“ఇన్ ఇంగ్లిష్, ప్లీజ్” అన్నాను నవ్వుతూ. మిగతా పిల్లలు గొల్లున నవ్వారు. పార్వతి ఒక నిమిషం మాటలు వెతుక్కుంది. “నథింగ్, సార్” అని నోటుబుక్కు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చి దిద్దిన పుస్తకం ఒకసారి తిరగేసి, మళ్లీ బల్ల మీదే వదిలి వెళ్లింది. ఆ తర్వాత పది రోజులు రాలేదు. పదకొండో రోజు గుమ్మంలో కనబడేసరికి నాకు ఒళ్లు మండింది. చెప్పకుండా మానేయడం నాకు అస్సలు గిట్టదు. కూర్చోకముందే నిలబెట్టి, మానడానికి కారణమేమిటో ఇంగ్లిషులో పూర్తి వాక్యంగా చెప్పమన్నాను.

పార్వతి చేతులు కట్టుకుని, నేల చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. “ద రీజన్ ఫర్ మై ఆబ్సెన్స్ ఈజ్ ద డెత్ ఆఫ్ మై ఫాదర్.”

రీజన్ పక్కన ఫర్, డెత్ పక్కన ఆఫ్. రెండూ సరిగ్గా పడ్డాయి.

“గుడ్” అన్నాను.

అన్నాక గాని వాక్యం నా బుర్రకెక్కలేదు. నాన్నగారు చనిపోయారని ఆ పిల్ల చెబుతోంది. వంటింట్లోంచి వింటున్న మా ఆవిడ వచ్చి పార్వతి భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. నేను దొంగలా వెనకాలే వెళ్లాను.

“ఏటైందమ్మా మీ అయ్యకి?” అని మా ఆవిడ అడిగింది.

“గుండినొప్పండి. నెల్లాళ్లబట్టి వస్తంది. ఆస్పత్రంటే బయం. ఎంత సెప్పినా ఎల్లనేదు.”

“మాస్టారికొక మాట సెప్పకపోయావా? మా తమ్ముడు ఇక్కడి పెద్దాస్పత్రి గుండె వార్డులోనే నర్సు. వాడొచ్చి నచ్చజెప్పి, దగ్గరుండి తీసుకెల్లేవోడు.”

“సెప్పానండి. పుస్తకంలో రాసాను. మాస్టారు టిక్కు ఎట్టారు. సదివీసి ఏటీ అన్నేదంటే, ఇంక సేసేదేటీ నేదు కాబోలనుకున్నాను.”

గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తిట్టినా బాగుండేదనిపించింది.

పుస్తకం ఇంకా నా బల్ల మీదే ఉంది. తీసి చూశాను. మా నాన్నకు ఛాతీలో నొప్పి అని పెయిన్ ఇన్‌తో ఒక వాక్యం. పక్కన టిక్కు. ఆసుపత్రి అంటే ఆయనకు భయం అని ఫియర్ ఆఫ్‌తో ఇంకోటి. టిక్కు. మాకు సలహా కావాలి అని నీడ్ ఫర్‌తో మరొకటి. దానికీ టిక్కు. చివరిది ప్రశ్న. ‘ఈజ్ దేర్ ఎనీ సొల్యూషన్ ఫర్ దిస్ ప్రాబ్లం, సార్?’ అందులో ఫర్ కొట్టేసి పైన టు రాశాను. నిజానికి ఫర్ అని కూడా వాడేవాళ్లున్నారు. నన్ను పేరు పెట్టి పిలిచినంత పని చేసి ఆ అమ్మాయి అడిగితే, నేనిచ్చిన జవాబు ఆ ఎర్రగీత.

“నేను చదవలేదమ్మా. దిద్దాను, అంతే. నన్ను క్షమించు” అన్నాను. ఏడుపు ఆగలేదు.

“మీరేటి సేస్తారు మాస్టారూ” అంది పార్వతి. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నదని తెలుసు. చేయగలిగింది ఉండేదని కూడా తెలుసు.

పార్వతి కోర్సు పూర్తిచేసింది. నేనూ పాఠాలు చెబుతూనే ఉన్నాను, జంటలు ఏరుకు రమ్మంటూనే ఉన్నాను. కానీ పుస్తకాలన్నీ ముందు పెన్ను మూత తీయకుండా ఒకసారి చదువుతాను. గుమ్మం దగ్గర ఇప్పుడు చెప్పులు మాత్రమే విప్పుతారు. నాలుగు రోజులు మానేసి వచ్చిన పిల్లలను దగ్గరికి పిలిచి, “ఏటమ్మా, ఏటైంది?” అని అడుగుతాను. సరైన వాక్యం ఎవరు చెప్పినా తలూపుతాను. గుడ్ అనే మాట మాత్రం నా నోట రావడం లేదు.