ఆఖరి వరుసలో మందు వేశానా?

మొన్న పటాన్‌చెరులో పాపకు టీకా వేయిస్తుంటే నర్సు దూదితో స్పిరిట్ రాసింది. పాప ఏడుస్తోంది, నాకేమో ఆ వాసనకు నస్రీన్ మేడం గుర్తొచ్చింది.

కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆమె నా పై అధికారి. జోగిపేట మనిషి. స్పిరిట్‌తో తుడిచి తుడిచి ఆమె వేళ్లు ఎప్పుడూ పొడిబారి ఉండేవి. కిడ్నీల మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథి కణాలను పెంచడం ఆమే నాకు నేర్పింది. "మనం కలిపే హార్మోన్ కణం లోపలికి పోదు, గేటు కాడనే ఆగుతది. లోపల ఎంజైములు ఒకదాన్నొకటి లేపుతయ్. ఆఖరికి కొలెస్టరాల్‌తోని స్టెరాయిడ్ తయారైతది. నడుమ ఒక్కటి పండుకున్నా పని బంద్" అనేది. మా కంపెనీ తయారుచేస్తున్న కీళ్లనొప్పుల మందు ఆ ఎంజైముల్లో దేన్నైనా పడుకోబెడుతుందేమో చూడడమే మా పని. అదే జరిగితే, జబ్బును తట్టుకునే స్టెరాయిడ్ ఒంట్లో తయారుకాక, ఆ మందు మింగిన మనిషి మామూలు జ్వరానికే కుప్పకూలవచ్చు.

ఆ రోజు కణాలున్న ప్లేటులో మందు వేస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చేసరికి, అన్నిటికన్నా ఎక్కువ మోతాదు వేయాల్సిన ఆఖరి వరుసలో వేశానో లేదో గుర్తులేదు. మందు నీళ్లలాగే ఉంటుంది, చూస్తే తెలియదు. వేశానని నాకు నేనే సర్దిచెప్పుకుని హార్మోన్ కలిపేశాను. ఏ వరుసలోనూ స్టెరాయిడ్ తగ్గలేదు, అంటే మందుతో ప్రమాదం లేనట్టే. మేనేజరు సంబరపడి పైవాళ్లకు కబురు పంపాడు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు క్యాంటీన్‌లో మేడంకు చెప్పేశాను.

ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టింది. "ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదండీ."

"పరేషాన్ గాకు. మల్ల చేద్దాం. జెర నా పక్కన కూసో."

ఈసారి ఆఖరి వరుసలో స్టెరాయిడ్ బాగా పడిపోయింది. ఆ మందు తయారీ ఆపేశారు. మీటింగులో మేనేజరు, "మొదటిసారి తప్పు ఎవరు చేసిన్రు?" అని అడిగాడు. మేడం నా వైపు చూడను కూడా చూడలేదు.

"నా ల్యాబ్‌ల అయింది సార్. నాదే."

లేచి నేనే అని చెప్పాలనుకున్నాను. కాంట్రాక్టు గుర్తొచ్చింది, కూర్చునే ఉన్నాను. నాకు కాంట్రాక్టు పొడిగించారు. ఆమెను వెళ్లిపొమ్మన్నారు.

గేటు దాకా వెంట నడిచాను. "మేడం, ఆ రోజు మీటింగులో నేను..." అనబోయాను.

"తెల్సు. నాకు చెప్పినవు గద, గది చాలు" అంది.

ఆమెకు చాలిందేమో గానీ, నాకు ఇప్పటికీ చాలలేదు.