ఊక వానలో ఒక చరణం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు నా పరికిణీల కాలానికి వెళ్ళిపోతారేమో, ఆగండి. నేను చెప్పబోయే ఆ రోజులు మొన్నమొన్నటివి. నా చిన్నతనం రెండు విడతలుగా వచ్చింది. మొదటిది మిర్యాలగూడలో మా నాయన రైస్ మిల్లులో గడిచింది. రెండోది, సూర్యాపేట బడిలో లెక్కల టీచరుగా రిటైరై మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక, మా మనవరాలి స్నేహితుల మధ్య వచ్చింది. (తేదీతో సహా చెప్పగలను. కానీ "అమ్మమ్మా, డేట్లు చెప్పినవంటే ఎవ్వరు సదవరు" అని మనవరాలు ముందే హెచ్చరించింది.)

మనవరాలు కోదాడలో ఇంజనీరింగు చదువుతూ ఒక పాట కట్టింది. కాలేజీ ఫెస్టులో కొత్తగా చేరిన పిల్లలకు చూపించడానికి దాన్ని వీడియోగా తీయాలని వాళ్ళ జట్టు నిర్ణయించింది. డైరెక్టరు కోదాడ కుర్రాడు. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేటప్పుడు కూడా "కట్" అనేవాడు కాబట్టి వాడికి నేను కట్ బాబు అని పేరు పెట్టుకున్నాను. పల్లవి వాడికి నచ్చింది, చరణమే నచ్చలేదు. మా వరండాలో కూర్చుని, నేను కాల్చిన సర్వపిండి తింటూనే, "చరణం స్లో అయిపోతోందండీ అమ్మమ్మగారూ. జూనియర్లు ఫోన్లలో పడిపోతారు. దీన్ని లేపేద్దామండీ" అన్నాడు. మనవరాలి మొహం మాడిపోయింది. "నేను పాట రాసిందే గా చరణం కోసంరా. అది తీసేస్తే నా పేరు గూడ తీసెయ్యి" అంది. ఆ చరణం నాకు నచ్చింది. వేళ్ళమీద లెక్కపెట్టి చూశాను, ఎక్కడా ఒక్క మాత్ర తేడా లేదు. అందుకని వాళ్ళ మధ్య దూరి, "చరణంలో కళ్ళు తిప్పుకోలేని వింత ఏదైనా పెడితే ఉంచుతావా?" అని అడిగాను. "ఉంచుతానండీ, కానీ వింతలకి మన దగ్గర బడ్జెట్ లేదండీ" అన్నాడు.

వింత నా దగ్గర చిన్నప్పటి నుంచీ ఉంది. మా మిల్లు వెనక ఒక పెద్ద గొట్టం, వడ్ల నుంచి ఊడిన ఊకను బయటికి ఊదుతూ ఉండేది. సాయంత్రం ఎండలో ఆ ఊక బంగారు వానలా రాలేది. నేను ఆఫీసు గది కిటికీలోంచి చూసేదాన్ని. దగ్గరికి మాత్రం నాయన పోనిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే "గాడ నీకేం పని" అనడమే గాని కారణం చెప్పిన పాపాన పోలేదు. ఆ వాన కింద నిలబడితే ఎలా ఉంటుందో అన్న ప్రశ్న బడిలో, పెళ్ళిలో, రిటైర్మెంటు సన్మానంలో కూడా నాతోనే ఉంది.

మిల్లు ఇప్పుడు మా తమ్ముడిది. సంగతి చెప్పగానే వాడు తల పట్టుకున్నాడు. "అక్కా, ఊక మీద పోసుకుంటరా ఎవరన్నా? జర ఆలోచించు."

"నాకే చెప్తున్నవా? నేను పుట్టిందే గీడ."

"పుట్టినవ్ గని, ఎన్నడన్న గా కుప్ప దగ్గరికి పోయినవా?"

(జవాబు లేని ప్రశ్న ఎదురైతే లెక్కల టీచర్లు దాన్ని మర్నాటికి వాయిదా వేస్తారు. నేనూ అంతే చేశాను.)

తమ్ముడు గొణుగుతూనే ఒప్పుకుంటే, ఒక సాయంత్రం జట్టంతా మిల్లు వెనక చేరాం. కెమెరా కిరాయిది, మర్నాటి పొద్దుటికల్లా తిరిగి ఇచ్చేయాలి. ఎండ ఇంకాసేపే ఉంటుంది. కాబట్టి చరణానికి ఒక్కటే అవకాశం. పైగా మిల్లు రొదలో స్పీకరు వినిపించడం లేదు. తాళం వేసి లెక్క చెప్పే పని నాకు అప్పగించారు. మాట పూర్తికాకముందే ఒప్పుకుని, చెంగు నడుముకు దోపి పిల్లల పక్కనే నిలబడ్డాను. గొట్టం ఊదింది. ఆహా, నేను అనుకున్నట్టే ఉంది! మనవరాలి జడ మీద, కుర్రాళ్ళ భుజాల మీద, నా ముగ్గుబుట్ట తల మీద కూడా బంగారమే. మొదటి పాదం అద్భుతంగా సాగింది. రెండో పాదంలో ఒకడి చేయి మెడ మీదికి పోయింది. ఆ తర్వాత ఇంకొకరిది వీపు మీదికి. ఆ తర్వాత నాది కూడా. కట్ చెప్పాల్సిన కట్ బాబు ఒక చేత్తో కెమెరా పట్టుకుని రెండో చేత్తో పొట్ట గోక్కుంటున్నాడు. పిల్లలు తలో తీరున గోకుతుంటే తాళం చెదిరిపోతోంది, చరణం చేజారిపోతోంది. నాలోని టీచరు ఊరుకోలేకపోయింది. "గోకితే గోకుండ్రి! లెక్క మీద గోకుండ్రి! ఒకటి, రెండు మెడ! మూడు, నాలుగు వీపు!" అని అరిచాను. పాపం పిల్లలు, అలాగే చేశారు. చరణం పూర్తయ్యేదాకా అందరం ఒక్క తాళానికి గోకి, ఒక్క పరుగున బోరు పైపు కిందికి పోయాం. తమ్ముడు కొబ్బరినూనె డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "నాయన నిన్ను గాడికి ఎందుకు రానియ్యలేదో తెల్సిందా అక్కా?" అన్నాడు.

ఫెస్టులో వీడియో వేశారు. పల్లవి దాకా జూనియర్ల తలలు ఫోన్లలోనే ఉన్నాయట. చరణం మొదలై బంగారం రాలేసరికి తలలు లేచాయి. గోకుడు మొదలయ్యేసరికి మనుషులే లేచి, హాలు హాలంతా మెడ, వీపు గోకిందట. కట్ బాబు ఫోన్ చేసి "మన స్టెప్పు సూపర్ హిట్టండీ" అని గంతులేశాడు. మనవరాలు మాత్రం ఇంటికొచ్చి నా మంచం మీద బోర్లా పడుకుంది. "అందరు గోకుడే సూసిన్రు అమ్మమ్మా. నా చరణం ఎవ్వరు ఇనలే" అంది. దాని జడ నిమురుతూ కూర్చున్నాను. రేపు చెప్తానని వాయిదా వేయడానికి మాత్రం ఈసారి మనసు రాలేదు.

కొన్నాళ్ళకు కోదాడలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళి బస్సులో తిరిగొస్తున్నాను. ముందు సీట్లో కాలేజీ సంచీతో ఒక పిల్ల, కిటికీకి తల ఆనించి కూనిరాగం తీస్తోంది. చెవి ఒగ్గి విన్నాను. మా చరణమే! రెండు చేతులూ సంచీ మీద కదలకుండా ఉన్నాయి. మెడ లేదు, వీపు లేదు, పాట మాత్రమే ఉంది. మునగాల దాటేదాకా మోకాలి మీద తాళం వేస్తూ విన్నాను. ఆ పిల్లను పలకరించాలనిపించింది గాని, పాట ఆపేస్తుందేమోనని ఊరుకున్నాను. బస్సు దిగగానే మనవరాలికి ఫోన్ చేశాను.

"నీ చరణం బస్సెక్కిందే పిల్లా. గోకుడు లేకుంటనే పాడుతున్నరు."

మెల్లగా, "తాళం సరిగ్గ ఉన్నదా?" అని అడిగింది. (నా మనవరాలే, అనుమానం లేదు.)

"ఎక్కడ తప్పలే" అన్నాను.

ఫోన్ పెట్టేసి చూసుకుంటే నా చేయి నా మెడ మీదే ఉంది, ఒకటి, రెండు అంటూ. దురద ఎప్పుడో పోయింది. ఆ ఆఫీసు గది కిటికీ దగ్గర పిల్ల ఒకతి ఇంకా నిలబడి ఉంటే, దానికి చెప్పాలని ఉంది: ఊక కింద నిలబడితే చచ్చేంత దురద పుడుతుందే తల్లీ, అయినా ఒక్కసారి నిలబడు.