నిలకడ మేస్త్రి

పనివాళ్లంతా ఆయన్ని నిలకడ మేస్త్రి అనేవారు. ఎదురుగా మాత్రం వట్టి మేస్త్రే, 'నిలకడ' వీపు వెనక తగిలించేది. ఆ పేరు ఆయన అడిగే ప్రశ్న వల్ల వచ్చింది.

లిఫ్టు పైకీ కిందికీ తిరిగే నిలువు గదిని షాఫ్టు అంటారు. దాని అడుగున ఒక గోడకు కాంతి పంపే కన్ను, ఎదురు గోడకు దాన్ని అందుకునే కన్ను ఉంటాయి. మధ్యలో మనిషి అడ్డొస్తే లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఆ కళ్లు లేకపోతే అడుగున పనిచేసేవాడి నెత్తి మీదికే దిగుతుంది. ఆ రెండు కళ్లనీ సూటిగా ఎదురెదురుగా పెట్టడమే మేస్త్రి పని. బాగా కుదిరితే అందుకునే కంటి మీద పచ్చ దీపం కదలకుండా వెలుగుతుంది. అరకొరగా కుదిరితే మిణుకుమిణుకుమంటుంది. అలా మిణుకుతున్నా లిఫ్టు నడుస్తుంది, అదే వచ్చిన చిక్కు. నాలుగు రోజులు నడిచి, కాస్త దుమ్ము పడగానే రెండు అంతస్తుల మధ్య మొరాయిస్తుంది.

అందుకని మేస్త్రి తనకు తానే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పంపే కంటి దగ్గర స్క్రూ తిప్పేది తను. ఎదురు గోడ దగ్గర కూర్చునేది బావమరిది, అంటే భార్య తమ్ముడు, ఇద్దరు పిల్లల తండ్రి. దీపాన్ని ఇద్దరూ చూడాలి. "నిలకడగా ఉందా?" అని మేస్త్రి అడగాలి, "నిలకడగా ఉంది" అని బావమరిది చెప్పాలి. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతాడని తోటివాళ్లు నవ్వేవారు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఆయన సమాధానం. బంగారంలాంటి పద్ధతి. ఇద్దరూ చూసినంతకాలం.

వానలు మొదలవకముందే మేస్త్రికి చూపు మసకబారింది. దగ్గరివి అలికినట్టు, దూరానివి కరిగినట్టు అయిపోయాయి. ఎదుటి గోడ మీద దీపం పచ్చటి మరకలా కనిపించేది. అది నిలిచిందో మిణుకుతోందో దేవుడికే తెలియాలి. డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా? పోడు. కళ్లు పోయాయని కంపెనీకి తెలిస్తే షాఫ్టులోకి దిగనివ్వరని భయం. ఇన్నేళ్లు లిఫ్టులకి కళ్లు పెట్టినవాడు తన కళ్ల గురించి నోరెత్తలేకపోయాడు. ప్రశ్న మాత్రం ఆపలేదు. మునుపు సరిచూసుకోవడానికి అడిగేవాడు, ఇప్పుడు తెలుసుకోవడానికి అడుగుతున్నాడు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి కనక ఎవరికీ అనుమానం రాలేదు.

ఒకరోజు పొద్దున్నే సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. "మేస్త్రీ, ఆసుపత్రి లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల స్ట్రెచర్ మీద పేషెంటు ఉన్నాడు. మొన్న మీరు చేసిందే."

మేస్త్రి బావమరిదిని వెంటబెట్టుకుని పరుగున వెళ్లాడు. పైనున్న మోటారు గదిలో చేత్తో చక్రం తిప్పి లిఫ్టుని అంతస్తు దాకా దింపారు. తలుపు తీసేసరికి స్ట్రెచర్ మీద ముసలాయన నర్సు చెయ్యి పట్టుకుని వణుకుతున్నాడు. ఊపిరి ఆడుతోంది కానీ మాట రావడంలేదు. నర్సు మేస్త్రి వైపు చూసి, "ఈయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నామండీ" అంది, అంతే. ఆవిడ తిట్టినా బాగుండేది.

ఇద్దరూ షాఫ్టు అడుగుకి దిగారు. బావమరిది అందుకునే కంటి దగ్గర వంగి చూశాడు.

"మిణుకుతోంది బావా."

"మొన్న నిలకడగా ఉందన్నావు కదరా."

"నువ్వు చూసే ఉంటావనుకున్నాను. నువ్వు అడగడం, నేను అనడం, అలవాటే కదా. వైర్లు సర్దుకుంటూ అనేశాను."

"అంటే చూడలేదా?"

"నీ చూపు పడ్డాక ఇంక నేను చూసేదేముంది బావా. ఎప్పుడూ అంతేగా."

మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఇన్నాళ్లూ బావమరిది కళ్లతో చూస్తున్నాననుకున్నాడు. వాడేమో ఈయన కళ్లని నమ్ముకుని తన కళ్లు మూసుకున్నాడు. గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం. మరి వానల ముందు నుంచీ తను వదిలొచ్చిన లిఫ్టులన్నిటినీ చూసిందెవరు? వాటిలో ఒక బడి లిఫ్టు కూడా ఉంది.

"నాకు కనపడటంలేదురా" అన్నాడు చివరికి. "చాన్నాళ్లయింది."

బావమరిది చేతిలోని టార్చి కిందికి వాలింది. "అక్కకి తెలుసా?"

"నేను చెప్పలేదు." "సూదిలో దారం ఎక్కించమని రోజూ నన్నే అడిగేది. ఈ మధ్య అడగడం మానేసింది" అన్నాడు. ఆ మాట పైకి అన్నాక గాని దాని అర్థం ఆయనకే తట్టలేదు. భార్యకి ఎప్పుడో తెలుసు. పరువు తీయడం ఎందుకని ఊరుకుంది.

లేచి స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు. ఆ పనికి చేతివేళ్లు చాలు. కొద్దికొద్దిగా తిప్పి ఆపాడు. ప్రశ్న నోటిదాకా వచ్చింది కానీ అడగలేదు.

"నిలకడగా ఉంది" అన్నాడు బావమరిది తనంతట తనే. కాస్సేపటికి, "ఈసారి చూసే చెప్తున్నాను" అన్నాడు.

మేస్త్రి జేబులోంచి ఫోన్ తీశాడు. మునివేళ్లతో తుడిచాడు, దూరం పెట్టాడు, దగ్గర పెట్టుకున్నాడు. సూపర్‌వైజరు పేరు ఎక్కడుందో దొరకలేదు. ఫోన్ బావమరిదికి అందించాడు.

"నువ్వు కలిపివ్వు. ముందు బడి లిఫ్టు ఆపించాలి."

బావమరిది ఫోన్ పట్టుకుని తటపటాయించాడు. "కళ్ల సంగతి చెప్పొద్దులే బావా. నేను సరిగ్గా చూడలేదని చెప్దాం."

"నువ్వు కలుపు" అన్నాడు మేస్త్రి. "మాట్లాడేది నేను."