ఎనిమిది గంటల ఇంజెక్షన్

రెండేళ్ల కిందటి ఎండాకాలం. జగిత్యాలలో నేను నర్సుగా పనిచేసే చిన్న ఆసుపత్రి ముందు పొద్దున పదకొండింటికి ఒక ఆటో ఆగింది. అందులో బీర్పూర్ రాజవ్వ. పదేళ్లుగా మా దగ్గరే షుగర్‌కు చూపించుకునే మనిషి. కూతురి కాన్పుకని ఒక్కతే కెనడా వెళ్లి, తిరిగొచ్చి అప్పటికి మూడు రోజులు.

ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకడం లేదు. వేలి చివర రక్తం తీసి చూస్తే షుగర్ ముప్పై ఎనిమిది. దీన్ని మేం హైపో అంటాం, అంటే షుగర్ మరీ పడిపోవడం. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. డాక్టరు చెప్పగానే నరానికి డెక్స్ట్రోస్, అదే గ్లూకోజు, ఎక్కిస్తూ ఆమె భర్త లచ్చన్నను అడిగాను.

"పొద్దున ఏం తిన్నది కాకా?"

"ఏం తినలే బిడ్డా. పండుకున్నది."

"మరి ఇన్సులిన్?"

"అది ఇచ్చిన. ఎనిమిదింటికి టంచన్‌గ."

నాకు ఒళ్లు మండింది. "సూది ఇచ్చినంక లేపి తినిపియ్యాలె గదా!"

"రాత్రంత కూసుంటది, పగలంత పంటది. ఇమానం దిగినంక గట్లనే ఉంటది బిడ్డా. పద్దెనిమిదేండ్లు దుబాయి పోయచ్చిన, నాకెరుక లేదా? కంటినిండ పంటె అదే సాఫైతది."

మా దగ్గర ఇంటికో విమాన పండితుడు! దుబాయికీ మనకూ తేడా గంటన్నర. ఆయనది ప్రయాణపు అలసట, పడుకుంటే పోయేది. ఈమెది జెట్ లాగ్. ఆమె ఉండి వచ్చిన ఊళ్లో పొద్దున ఎనిమిదైతే మనకు సాయంత్రం ఐదున్నర. ఒళ్లు ఇంకా అక్కడి పగలూ రాత్రే పట్టుకుని ఉంటుంది. పగలంతా పడుకోనిస్తే అది మారడం ఇంకా ఆలస్యమవుతుంది. పొద్దున లేపి వెలుతురులో కూర్చోబెట్టాలి, ఇక్కడి వేళకు తిండి పెట్టాలి, మధ్యాహ్నం ఒక్క కునుకుతో సరిపెట్టాలి. వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. ఇదంతా వార్డులో వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా చెప్పాను.

పది నిమిషాలకు రాజవ్వ కళ్లు తెరిచింది. "గిది ఏ ఊరు?" అంది.

"జగిత్యాల" అన్నాను. లచ్చన్న ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. అయినా నా కోపం చల్లారలేదు.

"నిద్రల ఉన్న మనిషికి సూదెట్ల గుచ్చినవు కాకా?"

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వే చెప్తివి గద బిడ్డా, ఏమన్న గానీ ఎనిమిది దాటద్దని. పదేండ్లల్ల నా చేతిల ఒక్కనాడు తప్పలే."

ఆయనకు సూది పట్టుకోవడం నేర్పింది నేనే. ఎనిమిది, ఎనిమిది అని పదిసార్లు అనిపించాను. ఎనిమిదింటికి ఆమె ముందు కంచం ఉండనే ఉంటుందనుకున్నాను, నోటితో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ఎవరికి నేర్పినా కంచం ముందు, సూది తర్వాత అని వాళ్ల చేతే చెప్పిస్తాను. విమానం ఎక్కేవాళ్లను ఇన్సులిన్ వేళలు డాక్టరుతో రాయించుకోకుండా కదలనివ్వను.

ఆ రోజు లచ్చన్నతో "తప్పు నాది కాకా" అన్నాను. ఆయన వినలేదు. రాజవ్వకు ఇడ్లీ తుంచి పెడుతున్నాడు.